పెన్నీకి నేను కట్టిన ధర

తెలియని వస్తువు చేతిలో పెట్టి ధర అడిగితే మీరేం చెబుతారు? తెలియదంటారా? అంటారని నేను నమ్మను. చుట్టూ పదిమంది నిలబడి మీ నోటి వంక చూస్తుంటే, అంతకు ముందు మీరు చెప్పిన నాలుగు మాటలు నిజమై ఉంటే, ఐదో మాట కూడా మీ నాలుక మీద తయారుగా ఉంటుంది. నా నాలుక మీద ఉంది. "తక్కువలో తక్కువ పది లక్షలు" అన్నాను. ఒక అమెరికా పెన్నీ గురించి ఆ మాట అన్నాను. మన పావలా అంతది, గోధుమరంగుది, గడ్డం ఉన్న వాళ్ళ పాత అధ్యక్షుడి బొమ్మ ఉన్నది.

తొంభైల నడుమ ఖతర్‌లో, రాస్ లఫాన్ దారిలో ఉన్న ఒక లేబర్ క్యాంపులో నేను టైమ్ కీపర్‌ని. ఎవరు డ్యూటీకి ఎక్కారో, ఎవరు జ్వరంతో పడుకున్నారో, ఎవరి కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో రాసిపెట్టడం నా పని. మాది కృష్ణా జిల్లా. మా నాన్న ప్రార్థన మందిరంలో వాక్యం చెప్పేవాడు. నేను అదే వీధి చివరి గ్రంథాలయంలో, వాక్యాన్నీ జాతకాన్నీ బాబాల విభూతినీ ఒకే బల్ల మీద పెట్టి రుజువు అడిగే చర్చల్లో పెరిగాను. ఆ అలవాటు నాతోపాటే విమానం ఎక్కింది.

క్యాంపులో తెలుగువాళ్ళలో ఎక్కువమంది కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళు. నన్ను 'రుజువు సారు' అని పిలిచేవాళ్ళు. అందులో సగం ఎగతాళి, సగం నమ్మకం. సేఫ్టీ ఆఫీసరు గ్యాసు గురించి ఇంగ్లీషులో చెప్పే పాఠాన్ని తెలుగులో చెప్పేది నేనే. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే, స్తంభం మీది గుడ్డసంచి ఎటు ఎగురుతుందో చూసి గాలికి అడ్డంగా పరిగెత్తాలి. వాసన ఆగిపోతే ప్రమాదం తప్పిందనుకోకూడదు, ముక్కు చచ్చిపోయిందని అర్థం. ఈ మాట చెప్పినప్పుడు హాల్లో ఒక్కరూ కదిలేవాళ్ళు కాదు. నా మాట మీద ప్రాణం పెట్టుకుని సైటుకి వెళ్ళే మనుషులు వాళ్ళు. అది నాకు ఎంత ఇష్టంగా ఉండేదో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఆ మనుషుల్లో ఒక షట్టరింగ్ కార్పెంటర్ ఉండేవాడు. జగిత్యాల దగ్గరి పల్లె. నాకంటే పదేళ్ళు పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించే పనిలో అంత నేర్పున్నవాడు సైటులో లేడు. అతని కుడి మణికట్టు అప్పటికే వాచిపోయి ఉండేది. ఉదయం సుత్తి పట్టుకునే ముందు గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి ముంచుకునేవాడు. ఊళ్ళో కట్టెలు కోసే కోత మిషను ఒకటి పెట్టుకోవాలని అతని కోరిక. ఖతర్‌కి వచ్చి నాలుగేళ్ళయింది. ఇంట్లోవాళ్ళు మాత్రం క్యాసెట్లో మాటలు రికార్డు చేసి పంపినప్పుడల్లా, "దుబాయ్‌ల ఇంకెన్నొద్దులు ఉంటవ్" అనే అడిగేవాళ్ళు.

పైపు పనుల మీద వచ్చిన అమెరికన్ సూపర్‌వైజరు ఒకడు పని ముగిసి వెళ్ళిపోతూ, తన సామాన్లకి చెక్కపెట్టెలు చేసిపెట్టినందుకు కార్పెంటర్‌కి ఒక బిస్కెట్ డబ్బా ఇచ్చాడు. నిండా పెన్నీలు. పేకాటలో పందేనికి వాడుకునేవాడట. వాటిలో ఒకటో రెండో ధర పలికేవి ఉండొచ్చని నవ్వుతూ అన్నాడట. అతను వదిలేసిన పత్రికలూ పుస్తకాలూ నా ఆఫీసుకి వచ్చాయి. వాటిలో నాణేల ధరల పుస్తకం ఒకటి ఉంది.

శుక్రవారం సెలవు. మధ్యాహ్నం తిండయ్యాక కార్పెంటర్ డబ్బా తీసుకుని నా గదికి వచ్చాడు. వెనకాల అతని గదివాళ్ళు, వాళ్ళ వెనక మెస్ వంటాయన. ఆ వంటాయనది నిజామాబాద్ వైపు. నాతో వాదించడం ఆయనకి వారపు వినోదం.

"సారూ, గీ డబ్బల ఏమన్న పనికొచ్చేది ఉన్నదో జెర సూడున్రి," అన్నాడు కార్పెంటర్.

"అన్నా, ఇవి పెన్నీలు. నూరు కలిపితే ఒక డాలరు."

"గది నాకెర్కే. పాతయి ఉన్నయంట గదా."

దుప్పటి మీద కుమ్మరించి ఏరడం మొదలుపెట్టాను. వెనకవైపు రెండు గోధుమ కంకులున్నవి పాతవి, మేడ బొమ్మ ఉన్నవి కొత్తవి. కంకుల గీతలు ఎంత అరిగాయి, బొమ్మ దవడ మీద నునుపు ఎంత వచ్చింది, సంవత్సరం కింద అచ్చువేసిన ఊరిని తెలిపే చిన్న అక్షరం ఉందా లేదా, వీటిని బట్టి ధర. చాలావాటికి పుస్తకంలో ఉన్న ధర ఒకటి రెండు సెంట్లు. వాళ్ళు ఆవులించడం మొదలుపెట్టారు.

అప్పుడు ఆ ఒక్కటి దొరికింది. మీద 1943. గోధుమరంగులో ఉంది.

ఆ ఏడు యుద్ధానికి రాగి కావాలని వాళ్ళు పెన్నీలు ఉక్కుతో చేసి పైన జింకు పూత పూశారు. డబ్బాలో అలాంటి తెల్లవి మూడున్నాయి కూడా. ఎక్కడో యంత్రంలో మిగిలిపోయిన రాగి బిళ్ళల మీద మాత్రం కొన్నిటికి పొరపాటున ఆ ఏటి ముద్ర పడింది. అవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. పుస్తకంలో ఆ గడిలో అంకె లేదు, ఒక గీత ఉంది. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో హెచ్చరిక: ఉక్కు పెన్నీకి రాగి పూత పూసి మోసం చేస్తారు, అయస్కాంతంతో పరీక్షించాలి.

రుజువు! నాకు ఇంకేం కావాలి? నేల మీద రాలిన మేకులు ఏరడానికి కార్పెంటర్ల దగ్గర పెద్ద అయస్కాంతం ఉండేది. తెమ్మన్నాను. మొదట తెల్ల పెన్నీ మీద పెట్టాను, టక్కున అంటుకుంది. గది నవ్వింది. తర్వాత గోధుమరంగుదాని మీద పెట్టాను. కదలలేదు. మళ్ళీ పెట్టాను. తిప్పి పెట్టాను. కదలలేదు.

"చూశారా? మంత్రం లేదు, తంత్రం లేదు. ఇది పరీక్ష. ఇది నిజమైన రాగి," అన్నాను. నా గొంతు నాకే వేదిక మీది గొంతులా వినిపించింది.

"ఎంతైతది సారూ?"

ఆ ధర నాకు తెలియదు. ఆ గడిలో ఉన్నది గీత. అయినా చెప్పాను.

వంటాయన చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "గుళ్ళె దేవుడు లేడంటివి సారూ. గీ పైసల మాత్రం ఉన్నడంటున్నవా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కార్పెంటర్ ఒక్కడే నవ్వలేదు. నాణేన్ని గుప్పిట్లో పెట్టుకుని, ఆ గుప్పిటను వాచిన మణికట్టుతో సహా చొక్కా లోపలికి దోపుకున్నాడు.

అతని కాంట్రాక్టు ఇంకో మూడు వారాల్లో ముగుస్తుంది. మళ్ళీ రెండేళ్ళకి సంతకం పెడితే ఉంటాడు. లేదంటే వీసా క్యాన్సిల్. క్యాన్సిల్ అయిన మనిషి రెండేళ్ళదాకా తిరిగి అడుగుపెట్టడానికి వీల్లేదు. ఇది నాకు బాగా తెలుసు. ఆ జాబితా నా చేత్తోనే రాశాను. కానీ ఆ శుక్రవారం నా మనసులో జాబితా లేదు, అయస్కాంతమే ఉంది.

తర్వాతి రోజుల్లో క్యాంపు గాలి మారింది. కార్పెంటర్ బనియను లోపల చిన్న సంచి కుట్టుకుని నాణెం అందులో పెట్టుకున్నాడు. మాట్లాడుతున్నా, తింటున్నా, ఎడమ చెయ్యి ఛాతీ మీదే ఉండేది. అతను నడిచి వెళ్తుంటే వెనకనుంచి ఎవరో ఒకరు, "జరుగున్రి, పది లక్షలొస్తున్నయ్," అనేవాళ్ళు. మొదటి వారం దానికి అతను తిరిగి చూసి నవ్వేవాడు. రెండో వారం తిరిగి చూసేవాడు, నవ్వేవాడు కాదు. నాలుగేళ్ళలో ఒక్కసారీ గురి తప్పని మనిషి సుత్తితో తన బొటనవేలు కొట్టుకున్నాడు. సిక్ రిజిస్టరులో ఆ పేరు రాస్తుంటే నా కలం ఒక క్షణం ఆగింది. ఆగి, రాసింది.

బుధవారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి అతని ట్రంకు పెట్టె తాళం వంకరపోయి ఉంది. ఏమీ పోలేదు, పోవడానికి నాణెం అందులో లేదు. గదిలో పన్నెండుమంది. ఏళ్ళ తరబడి ఒక గిన్నెలో తిన్నవాళ్ళు. ఆ సాయంత్రం నుంచి ఒకరి మంచం వైపు ఒకరు చూడడం మానేశారు. దూరాన గ్యాసు ప్లాంటు మంట ఎప్పటిలాగే ఆకాశం అంచుని ఎర్రగా నాకుతూ ఉంది. క్యాంపులో మనుషులు గొంతు తగ్గించి మాట్లాడడం నేను మొదటిసారి విన్నది అప్పుడే.

నేను వెళ్ళి అడిగాను. "అన్నా, సంతకం సంగతి ఏమనుకున్నారు?"

"ఏమనుకునుడు సారూ. ఈ ఎండల మల్ల రెండేండ్లు నాతోని కాదు. బొంబాయిల దిగి, గక్కడ్నే అమ్ముకోని ఇంటికి పోత."

"అక్కడ కొనేవాళ్ళని వెతుక్కోవాలి కదా."

"మీరు పరీచ్చ జేసి జెప్పినంక ఇంకేమున్నది? క్యాసెట్ల గూడ జెప్పి పంపిన, మిషిన్ షెడ్డుకు జాగ సూడుమని. పోయిన గురువారం మావోడొకడు ఇంటికి పోతుంటే ఇచ్చిన."

నేను ఏమన్నానో తెలుసా? "మంచిది" అన్నాను.

నేను ధర చెప్పిన మూడు వారాలకి, శుక్రవారం. మర్నాడు సంతకాలు. పొద్దున్నే గదివాళ్ళందరూ ఒక నిర్ణయానికి వచ్చారు. నాణెం దాచుకోవడం వల్లే గదిలో విషం పుట్టింది కాబట్టి, అది ఊరికి వెళ్ళేదాకా అందరి కళ్ళ ముందూ లక్ష్మీదేవి పటం కింద ఉండాలి. పటం ముందు పెట్టాలంటే మకిలితో పెట్టరు కదా. మెస్ నుంచి చింతపండు తెచ్చి, ఉప్పు కలిపి, ఇళ్ళలో రాగి చెంబులు తోమినట్టు తోమారు. పసుపూ కుంకుమా పెట్టారు. నన్ను పిలిచారు, ఎంత తళతళలాడుతోందో చూడమని.

నా ఒళ్ళు మండిపోయింది. "ఎవరు తోమమన్నారు? పాత నాణేనికి ఆ గోధుమరంగే ప్రాణం. నాణేలు కూడబెట్టేవాళ్ళు కడిగిన దాన్ని ముట్టుకోరు. మీ చింతపండు దీని ధరని తినేసింది, తెలుసా?"

తోమినవాడి ముఖం పాలిపోయింది. కార్పెంటర్ నా చెయ్యి పట్టుకున్నాడు. "తిట్టకున్రి సారూ, తెల్వక జేసిన్రు. పదిల సగం వచ్చినా సాలు నాకు."

వంటాయన వెనకనుంచి అన్నాడు: "ఇండ్ల రాగి చెంబు తోమకుంటె మీ అమ్మ ఊకునేదా సారూ? మాకెట్ల ఎర్కయితది?"

దెబ్బ ఎంత తగిలిందో చూద్దామని నాణెం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. డ్రాయింగుల మీది సన్న అంకెలు చదవడానికి నా జేబులో భూతద్దం ఉండేది. పసుపు తుడిచి, సంవత్సరం మీద పెట్టాను.

మకిలి పోయిన చోట ఇప్పుడు లోహం కనబడుతోంది. మూడు అంకెకి ఎడమవైపు సన్నని గీతలు. ఆకురాయి నడిచిన గీతలు, అన్నీ ఒకే దిక్కుకి. డబ్బాలోంచి తెల్ల పెన్నీ ఒకటి తీసి పక్కన పెట్టాను. తెల్లదాని మీది మూడుకి కింద పొడుగాటి తోక ఉంది, మిగతా అంకెల కంటే కిందికి దిగుతుంది. నా చేతిలోదాని మూడు పొట్టిగా, గుండ్రంగా ఉంది. ఎనిమిదిలో ఎడమ సగం చెక్కేస్తే మిగిలే మూడు అది.

నాణెం పటం కింద పెట్టేసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఆఫీసుకి వెళ్ళి పుస్తకం తెరిచాను. అయస్కాంతం గురించిన హెచ్చరిక ఆ పేజీతో అయిపోలేదు. పేజీ తిప్పితే ఇంకా మూడు వరుసలున్నాయి. రాగితోనే చేసిన 1948 పెన్నీలో ఎనిమిదిని చెక్కి మూడు చేసిన నకిలీలు ఉన్నాయి, వాటిని అయస్కాంతం పట్టుకోలేదు, అంకె తోక చూడండి అని. మూడు వారాలుగా ఆ పేజీ నా బల్ల మీద ఉంది. నేను తిప్పలేదు. నాకు కావలసిన పరీక్ష దొరికింది, నెగ్గింది, ఇక చదవడం ఎందుకు?

అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట. గది నలభై అడుగుల దూరం. వెళ్ళి చెప్పి ఉండాల్సింది. వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదో నిజం రాయాలి. గుమ్మంలో నిలబడి వంటాయన నవ్వబోయే నవ్వు ముందుగానే నా చెవిలో వినిపించింది. ఆ గదిలో ఎన్ని శుక్రవారాలు ఎన్ని మహిమల్ని నేలకి దించానో, అవన్నీ లేచి నా ముఖం వైపు చూస్తున్నట్టనిపించింది. దానికి నేను ఒక మర్యాదైన పేరు వెతుక్కున్నాను. ఒకవేళ ఇప్పుడు నేను చూసిందే తప్పయితే? ఇంకో పరీక్ష అవసరం కదా? తొందరపడి అతని ఆశ చంపొచ్చా? చూశారా, సందేహించడం అనే మంచి పనిముట్టు. దాన్ని ఆ మధ్యాహ్నం నేను దాక్కోవడానికి తెరగా కట్టుకున్నాను. మూడు వారాల కింద పది లక్షలు అన్నప్పుడు ఆ సందేహం ఎక్కడుంది?

శనివారం పొద్దున ఆరున్నరకి సంతకాలు. సంతకాలున్నవాళ్ళకి ఆ పూట డ్యూటీ లేదు. నా బల్ల మీద రెండు కట్టలు, ఉండేవాళ్ళకి ఒక కాగితం, వెళ్ళేవాళ్ళకి ఒకటి. రెండూ ఇంగ్లీషులో, అరబ్బీలో. సంతకాలయినవి క్యాంప్ బాస్ తీసుకుని మెసైమీర్‌లోని హెడ్డాఫీసుకి వెళ్ళే బండిలో వేస్తాడు. కార్పెంటర్ వరసలో ఐదోవాడు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బల్ల ముందు నిలబడి రెండు కట్టలూ చూశాడు.

"ఇంటికి పోయేది ఏది సారూ?"

వెనక ఇంకా పదిహేనుమంది. క్యాంప్ బాస్ వాచీ చూసుకుంటూ, "యల్లా, యల్లా" అంటున్నాడు. అందరూ వెళ్ళాక పక్కకి తీసుకెళ్ళి చెబుదాం అనుకున్నాను. ఆ కాగితాన్ని వేలితో చూపించాను. అతను వంగి, వాచిన మణికట్టుని బల్లకి ఆనించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తెలుగులో పేరు రాశాడు.

వరస అయిపోయి నేను బయటికి వచ్చేసరికి బండి లేదు. పరిగెత్తాను. క్యాంప్ బాస్ గేటు దగ్గర చాయ్ తాగుతున్నాడు. ఒక కాగితం వెనక్కి కావాలన్నాను.

"ఖలాస్ భాయ్, గాడీ నికల్ గయీ," అన్నాడు. హెడ్డాఫీసుకి ఫోన్ చేయమని బతిమాలాను. చేశాడు. కార్పెంటర్ వెళ్ళిపోతున్నాడని ముందే తెలిసి, అతని బదులు ఇంకొకడికి వీసా తీశారట. "మాఫీ" అని, అంటే ఇక లేదని, ఫోన్ పెట్టేశాడు.

అప్పుడు వెళ్ళాను కార్పెంటర్ దగ్గరికి. మంచం మీద కూచుని పెట్టె సర్దుకుంటున్నాడు. రెండు నాణేలూ పక్కపక్కన పెట్టి, భూతద్దం ఇచ్చి, తోక చూపించాను, గీతలు చూపించాను. తప్పు నాదని చెప్పాను. అతను భూతద్దంలోంచి చూశాడు. చదువు రాకపోయినా చెక్క మీద ఆకురాయి గీత ఎలా ఉంటుందో నాకంటే బాగా తెలిసినవాడు. ఒక్క చూపులో గుర్తుపట్టి ఉంటాడు. మూడు వారాల కింద భూతద్దం అతనికి ఇచ్చి ఉంటే చాలు. ఇవ్వాలని నాకు తట్టలేదు. పరీక్షించేవాణ్ణి నేను కదా.

భూతద్దం నా చేతిలో పెట్టాడు.

"ఎప్పుడు సూసిన్రు సారూ?"

"నిన్న."

"నిన్న ఎప్పుడు?"

"మధ్యాహ్నం."

"నిన్న పగటీలి," అన్నాడు, ఏదో కొలత గుర్తుపెట్టుకుంటున్నట్టు. పైకి లేచాడు. కొడతాడనుకున్నాను. ఇస్త్రీ చొక్కా విప్పి, మడతపెట్టి పెట్టెలో పెట్టాడు. "నకిలీదైతే అయింది సారూ, పోతే పోనియ్. నిన్న జెప్తే అయిపోతుండె."

మళ్ళీ పెట్టె సర్దుకోవడంలో పడ్డాడు. ఆ రాత్రి మెస్‌లో అందరి ముందూ లేచి నిలబడి జరిగింది చెప్పాను. వంటాయన ఎగతాళి చేస్తాడని గుండె దిటవు చేసుకునే వెళ్ళాను. ఆయన గరిటె కింద పెట్టి, "తప్పయిందనుటానికి ఒక దినం పట్టిందా సారూ మీకు?" అన్నాడు. ఆ తర్వాత శుక్రవారాల్లో నాతో వాదనకి రాలేదు.

పదో రోజున కార్పెంటర్ వెళ్ళిపోయాడు. అతని ఊరికి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. కోత మిషను సంగతి నాకు తెలియదు. ఏదో ఒకటి చేసి నిలదొక్కుకున్నాడని ఊహించుకుని నన్ను నేను ఓదార్చుకోను. తెలియదు, అంతే.

విభూతి రాల్చే బాబాని మనం నిలదీస్తాం. నిలదీయాలి. ఆ పని నేను ఇప్పటికీ మానలేదు. కానీ బాబా అబద్ధాన్ని నమ్మనివాళ్ళు మన పొరపాటుని నమ్ముతారు, మనం రుజువు అడిగే మనుషులమని. అందుకే మన పొరపాటుకి కాళ్ళు ఎక్కువ. అది ఎవరి సంతకం దాకా నడుస్తుందో మనకి కనబడదు. పొరపడడం నా నేరమని నేననుకోను. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి శనివారం ఉదయం బండి కదిలేదాకా ఉన్న గంటలున్నాయే, అవి నా నేరం.

మీరు చెప్పిన మాట మీద ఆధారపడి ఇప్పుడు ఎవరో ఒకరు పొలం అమ్ముతూ ఉండొచ్చు, మందు మానేస్తూ ఉండొచ్చు, కాలేజీ మారుతూ ఉండొచ్చు. ఆ మాట తప్పని మీకు తెలిసిపోయి ఉంటే, మంచి సమయం కోసం చూడకండి. ఇంకో పరీక్ష కావాలని మీకు మీరు చెప్పుకోకండి. ఈ పుస్తకం పక్కన పెట్టండి. లేచి చెప్పులు వేసుకోండి. వెళ్ళి చెప్పండి.